పక్క సీటు బ్రేకు

ఇరవై రెండేండ్ల సంది
నా పాదం కింద ఇంకో బ్రేకుంది.
స్టీరింగు వాళ్లది, భయం వాళ్లది,
ఆపే పని నాది.

తొంభై ఒకటి మోడల్ మారుతి, తెల్లది,
నెత్తి మీద ఎర్రటి ఎల్ అక్షరం.
సుబేదారి నుంచి నయీంనగర్ దాకా
ఆటోలోళ్లు చూడంగనే పక్కకు జరుగుతరు.
మర్యాద కాదు, అనుభవం.

అండర్ బ్రిడ్జి అవతలి షెడ్డుల
యాకూబ్ ఒక్క చుట్టు తిప్పుకొచ్చి
తాళంచెవి బానెట్ మీద పెట్టిండు.
"మేడం, మీరు బ్రేకు తొక్కుతలేరు,
బతిమాలుతున్నరు."

కోపమొచ్చింది. నిజం కాబట్టి
ఇంకింత ఎక్కువొచ్చింది.
పెడల్ ఏడాదికో దారప్పోగంత లోతుకు దిగుతుంటే
నా పాదం దానెంబడే దిగింది.
ఒక్కనాడు చెడిపోతే తెలిసేది.
రోజింత చెడిపోయింది, అలవాటైంది.

వెనక డ్రమ్ము విప్పితే నల్లటి పొడి,
పాత దిండు దులిపినట్టు.
లోపల షూలు అద్దం లెక్క మెరుస్తున్నయి.
"మెరిస్తే మంచిదే కద?"
"బ్రేకు మెరవొద్దు మేడం, గరుకుండాలె.
నున్నటిది దేన్నీ ఆపది."
సిలిండర్ పక్కన తడి.
ఎన్నాళ్ల సంది చెమటలెక్క కారుతున్నదో,
నేల మీద ఒక్క చుక్క పడకుండ,
నాకు చెప్పకుండ.

డ్రమ్ములు మట్టెవాడల లేతు మిషన్ ఎక్కినయి.
టర్నర్ మొగిలయ్య లోపలి గీతల్ని గోటితోని తడిమి
బండి వయసు చెప్పిండు,
రెండేండ్లే తప్పిండు.

ముందటి చక్రాలకు జెన్ బండి డిస్కులు,
పాత సామాన్ల అంగట్ల బేరం చేసి తెచ్చినవి.
ఇన్నేండ్లు లేని బూస్టరొకటి వచ్చి కూసుంది,
సర్వపిండి గంజు బోర్లించినట్టు, నల్లగ, గుండ్రంగ.
తుప్పు తిన్న పైపుల జాగల కొత్తవి వంచేటప్పుడు
యాకూబ్ ఊపిరి బిగబట్టిండు,
సూదిల దారమెక్కిస్తున్నట్టు.

ఆఖరుకు గాలి తీసుడు.
అతను కింద వెల్లకిల, నేను పైన సీట్ల.
పనిల పడ్డంక మేడం లేదు, మీరు లేదు.
"తొక్కు."
తొక్కిన.
"పట్టు."
పట్టిన.
"ఇగ వదులు."
ఇన్నేండ్లు నేనన్న మాటలే
నాకు కిందికెల్లి వినబడుతున్నయి.
సీసాల ముంచిన సన్న గొట్టంలకెల్లి
చాయ్ రంగు ఆయిల్, దాంట్ల బుడగలు,
ఒకటి, నాలుగు, మళ్ల ఒకటి.
"ఇంత గాలినా నేను తొక్కింది?"
"సగం గాలే. మిగతాది మీ గుండె ధైర్యం."
తొక్కు. పట్టు. వదులు.
ఆయిల్ తేటపడ్డది.
ఎన్నో సారో తెల్వదు, పెడల్ మొదటిసారి
నా అరికాలికి ఎదురు చెప్పింది.

"మీ దిక్కు బ్రేకు కడ్డీ కూడ బిగిస్తున్న" అన్నడు.
"నాది ఒక్క వేలంత లూజుంచు."
"ఎందుకు?"
"మొదలు వాళ్లకు రావాలె గద."
అతను నవ్వలే.
"ఒక్క వేలే. రెండు వద్దు" అన్నడు.

తెల్లారి ఒక్కదాన్నే ఎల్లిన.
పాత మొక్కులు మొక్కినట్టు లోతుగ తొక్కిన,
కండ్లద్దాలు ఎగిరి డాష్‌బోర్డు మీద పడ్డయి.
కాలికి మళ్ల ఒనమాలు.

తర్వాత కొమురమ్మ,
కూరగాయల ట్రాలీ కొనుక్కుందామని నేర్చుకుంటున్నామె,
ఫాతిమానగర్ బ్రిడ్జి దిగుతున్నది, మూడో గేరుల.
ముందట మిర్చి బస్తాల ట్రాక్టరు
ఏ సైగ లేకుండ ఆగింది.
నా పాదం లేచింది, దిగింది.
అక్కడ పెడల్ లేదు.
నాకన్న ముందే కిందికి పోయి ఉంది.

బండి ఆగింది. బస్తా కుట్లు లెక్కపెట్టొచ్చు.
"ఆపింది నేనా, నువ్వా?" అన్నది కొమురమ్మ,
రెండు చేతుల స్టీరింగు ఇడవకుండ.
జవాబు చెప్పేలోపు మిర్చి ఘాటుకు
ఇద్దరం తుమ్మినం.
వెనక హారన్లు.
"ఫస్ట్ గేరెయ్యి" అన్న.